అంకె మీద బొటనవేలు

ఆ గుమాస్తాకి పేరు లేక కాదు, అది ఎవరికీ అక్కర్లేకపోయింది. మెడికల్ కాలేజీ మొత్తం ఆయన్ని ‘సారాంశం’ అనే పిలిచేది. కొత్త పరిశోధన ఏదైనా కావాలని లైబ్రరీకి ఎవరొచ్చినా కంప్యూటర్ తెరిచి, వ్యాసం పేరూ దాని కింద పది వరుసల సారాంశమూ చూపించేవాడు. ఆ కింద తాళంకప్ప బొమ్మ. చందా కట్టినవాళ్లకే అది తెరుచుకుంటుంది. కాలేజీ ఆ చందా కట్టడం మానేసి పదకొండేళ్లయింది. ఇంట్లో భార్య కూడా వదల్లేదు. “పెళ్లిచూపులనాడు మీరు చూపించిందీ సారాంశమే. అసలు సంగతి లోపల పెట్టి తాళం వేశారు,” అనేది.

లైబ్రరీ ఆసుపత్రి బట్టలుతికే గదికి సరిగ్గా పైన. కింద దుప్పట్లు ఉడుకుతుంటే పైన నేల వెచ్చగా ఉండేది, కిటికీ అద్దాలకి చెమట పట్టేది. గోడ పొడవునా వైద్య పత్రికలు పదకొండేళ్ల కిందటి దాకా వరసగా వచ్చి, అక్కడ టక్కున ఆగిపోయాయి. ఆ తర్వాత అన్నీ ఖాళీ అరలే. వాటినీ ఆయన రోజూ తుడిచేవాడు.

పత్రికలు వచ్చే రోజుల్లో ఆయనకి ఇష్టమైన పని ఒకటుండేది. కొత్త సంచిక రాగానే ఆఖరి పేజీ తీసి తప్పొప్పుల పట్టిక చూడటం. పాత సంచికలో ఎక్కడ అచ్చుతప్పు పడిందో అందులో ఉండేది. సరైన మాట చిన్న చీటీ మీద రాసి, ఆ పాత పేజీ పక్కన అంటించేవాడు. “ఎంత పెద్ద డాక్టరు తప్పు రాసినా ముందు నాకే తెలిసేది,” అని మురిసిపోయేవాడు. పత్రికలతో పాటు ఆ మురిపెమూ ఆగిపోయింది.

ఇప్పుడు ఏదైనా వ్యాసం పూర్తిగా కావాలంటే రాజధానిలోని పెద్ద లైబ్రరీయే దిక్కు. పేరు రాసి మెయిల్ పెడితే, అక్కడి కాపీల విభాగంలో పుస్తకం తీసి స్కాన్ చేసి పంపేవాళ్లు. ప్రతి పేజీకీ ఎడమ అంచున ఒక బొటనవేలు పడేది, పేజీ లేవకుండా నొక్కిపట్టినాయనది. గోరు నిలువునా చీలి ఉండేది. ఆ చీలికలో నల్లటి గీత. కుర్ర డాక్టర్లు విసుక్కునేవాళ్లు. సారాంశానికి మాత్రం అది పలకరింపు. మొహం తెలీదు, గొంతు తెలీదు. కానీ ఆ వేలికి ముడతలు పడటం చూశాడు. ఒకసారి కట్టు కట్టి ఉండటమూ, నెల తిరిగేసరికి మానటమూ చూశాడు. పదకొండేళ్లలో ఒక్కసారైనా అది అంచు దాటి అక్షరం మీదికి రాలేదు.

మెయిల్ చివర ‘క్షేమమేనా’ అని రాసేవాడు. జవాబు వచ్చేది కాదు. తన తల్లి పోయిన వారం ఆ సంగతి రాస్తే మాత్రం, అడిగిన వ్యాసం వెనకాల ఒక పేజీ ఎక్కువ వచ్చింది. తెల్ల కాగితం, దాని మీద చాపిన అరచెయ్యి. ఇంకేమీ లేదు.

ఆయన చెల్లెలి కూతురు, పదేళ్లది, ఆసుపత్రిలో చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం పిల్లల డాక్టరమ్మ మెట్లెక్కి వచ్చింది. వెనకే చెల్లెలు.

“సారాంశం గారూ, మీ మేనకోడలికి మందు తెప్పించాను. ఈ జబ్బు నేను చదవడమే గానీ చూళ్లేదు. చిన్నపిల్లలకి ఎంత మోతాదో ఒక్క వ్యాసంలోనే ఉందట. ఈ సాయంత్రంలోగా మొదటి ఇంజెక్షన్ పడాలి. లేకపోతే మూత్రపిండాలు ఇక మన మాట వినవు.”

ఆయన వెంటనే మెయిల్ పెట్టాడు. అరగంటలో కాపీ వచ్చింది. నాలుగో పేజీలో మోతాదుల పట్టిక. ‘పన్నెండేళ్ల లోపు పిల్లలకి, కిలో బరువుకి’ అని ఉంది. ఆ పక్కన అంకె ఉండాల్సిన చోట బొటనవేలు ఉంది.

“ఛీ! ఉన్న చోటంతా వదిలేసి సరిగ్గా అక్కడే పెట్టాలా?” అంది డాక్టరమ్మ.

మళ్లీ అడిగాడు. మళ్లీ వచ్చింది. అదే వేలు, అదే చోటు. ఈసారి గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కి ఉంది.

ఫోన్ తీసి కాపీల విభాగానికి చేశాడు. అవతల ఎవరో అమ్మాయి.

“వేలా? ఉండదు బాబాయ్ గారూ. మా స్కానర్ పైనుంచి ఫొటో తీస్తుంది. పేజీలని గాజు పలక నొక్కిపెడుతుంది. పైగా నేను చేతులకి తొడుగులు వేసుకుంటాను, దుమ్ము పడదు నాకు.”

“గోరు చీలిన ఆయన... ఎడమ చెయ్యి...”

“ఆయన మీకెలా తెలుసు? ఆయన పోయి రెండేళ్లయిందండీ. ఆ పాత మిషన్ కూడా అప్పుడే తీసేశారు.”

సారాంశం కిటికీ అద్దం వైపు చూశాడు. చెమట పట్టిన గాజు మీద నీటి చుక్క ఒకటి మెల్లగా దిగుతోంది. ఈ రెండేళ్లలో వచ్చిన కాపీలన్నీ బీరువాలోనే ఉన్నాయి. అన్నింటి మీదా ఆ వేలుంది.

“ఆ అంకె చదవమనండి!” అంది డాక్టరమ్మ.

“ఐదు,” అంది ఫోన్లో అమ్మాయి. “కిలోకి ఐదు మిల్లీగ్రాములు. నా తెర మీద చక్కగా కనిపిస్తోంది.”

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. “కొంచెం ఎక్కువే అనిపిస్తోంది. కానీ అచ్చులో ఉంది కదా.” లేచింది.

“ఒక్క అరగంట ఆగండమ్మా.”

“ఎందుకు?”

ఎందుకో చెప్తే నవ్వుతారు. నవ్వకపోతే ఇంకా ఘోరం. “అక్షరం మీదికి వచ్చే మనిషి కాదు,” అన్నాడు చివరికి.

“ఎవరు?”

“అన్నయ్యా!” చెల్లెలు ఆయన చొక్కా పట్టుకుంది. “అక్కడ బిడ్డ కళ్లు తెరవట్లేదు. మందు దొరికింది, లెక్క దొరికింది, నువ్వెందుకు అడ్డం పడుతున్నావ్? దానికేమైనా అయితే నీ గడప తొక్కను.”

ఆయన చెల్లెలి చెయ్యి విడిపించుకోలేదు. ఫోన్ కూడా వదల్లేదు. “అమ్మాయ్, ఆ పత్రికవి ఆ తర్వాతి సంచికలు తియ్యి. ఆఖరి పేజీలు చూడు. తప్పొప్పుల పట్టిక.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు దూరమయ్యాయి. ఆ ఖాళీలో పేజీ తిరుగుతున్న చప్పుడు వినపడింది, చాలా దగ్గర్లో. అమ్మాయి ఇంకా తిరిగి రాలేదు.

ఇరవై నిమిషాలకి రొప్పుతూ వచ్చింది. “దొరికింది బాబాయ్ గారూ. మూడో సంచికలో ఉంది. నాలుగో పేజీ పట్టికలో ఐదు తప్పట. ముందు సున్నా, చుక్క ఎగిరిపోయాయట. సున్నా పాయింట్ ఐదు.”

డాక్టరమ్మ మళ్లీ కూర్చుంది. పెదాలు కదిపి లెక్క వేసుకుంది. మొహంలో రక్తం లేదు. “పదింతలు...” అని, రాసుకున్న కాగితం నలిపేసి, ఒక్క పరుగున మెట్లు దిగింది.

ఇంజెక్షన్ సాయంత్రంలోగానే పడింది. మూడో రోజుకి పిల్ల లేచి కూర్చుని, “మామయ్యా, నువ్వు నా మందు ఆపించావంట కదా, అమ్మ చెప్పింది. నీతో పచ్చి, ఇక మాట్లాడను,” అంది. చెల్లెలు మొహం పక్కకి తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

ఆ రోజే ఆయనకి ఇంకో భయం పట్టుకుంది. చందా లేని కాలేజీ తమదొక్కటే కాదు. అడిగినవాళ్లకి వ్యాసం వెళ్తుంది, దాని దిద్దుబాటు వెంట వెళ్లదు. ఐదు అని చదువుకుని సూది ఎక్కించేవాళ్లు ఎంతమందో!

అమ్మాయి చేత పట్టిక మళ్లీ, దాంతోపాటు దిద్దుబాటూ పంపించుకున్నాడు. ఈసారి పేజీ శుభ్రంగా వచ్చింది. వేలు లేదు. ఐదు స్పష్టంగా కనపడుతోంది. వేలుండే చోటు ఒకసారి తడిమి చూశాడు. సరైన అంకె చీటీ మీద రాసి, పాత రోజుల్లోలాగే పక్కన అంటించాడు. మిగతా కాలేజీలకి పంపడానికి జిరాక్స్ మిషన్లో పెట్టి, మూత వేసి, పైన రెండు చేతులతో నొక్కి పదకొండు కాపీలు తీశాడు.

పదకొండూ వెచ్చవెచ్చగా బయటికొచ్చాయి. ఒక్కో కాగితమే తిప్పి చూశాడు. చీటీ మీది అంకె బాగా వచ్చింది. దాని పక్కన, తప్పు అంకె ఉండాల్సిన చోట, గోరు చీలిన బొటనవేలు. పదకొండింట్లోనూ.

తన చేతుల వైపు చూసుకున్నాడు. కాపీలు తీసినంతసేపూ రెండూ ఆ మూత మీదే ఉన్నాయి కదా.

కాపీలు కవర్లలో పెట్టాడు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ వ్యాసమూ అడక్కుండా, కాపీల విభాగానికి ఒక్క మాటే మెయిల్ పెట్టాడు: ‘పాప క్షేమం.’