ఫోను బీమాకు పదిహేను రోజుల గడువు

నా మొదటి సెల్‌ఫోను సూరత్ స్టేషన్ దగ్గర సిటీ బస్సులో పోయింది. ఎక్కేటప్పుడు చొక్కా జేబులో ఉంది. ఉధనాలో దిగేటప్పుడు లేదు. ఈ మధ్యలో నన్ను ఎవరూ తోయలేదు, బెదిరించలేదు, కత్తి చూపించలేదు. ఆ సంగతి తర్వాత అవసరమవుతుంది కనుక ముందే చెబుతున్నాను.

అది బుధవారం. ఆదివారం లోపల ఇంకో ఫోను కొని, అదే నంబరు మళ్ళీ తెచ్చుకోవాలి. తొందర నాది కాదు, సూరత్ పక్కన జోల్వాలో ఉండే ఒక తమ్ముడిది.

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు. నేను స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తాను. ఉధనాలో చీరల ప్యాకింగ్ దుకాణం పైన ఒక గది అద్దెకు తీసుకుని మా తెలుగువాళ్ళం నలభైమందిమి ఆదివారం ఆరాధనకు కూడేవాళ్ళం. సగం రైల్వే కుటుంబాలు, సగం కరీంనగర్ వైపు నుంచి వచ్చి మరమగ్గాల మీద పనిచేసే మగవాళ్ళు. వాళ్ళు మరమగ్గాలను సాంచెలు అనేవారు. ఆ సాంచెల మీద పనిచేసే ఒకణ్ణి అందరం తమ్ముడనే పిలిచేవాళ్ళం.

గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. మా సంఘంలోకి రాకముందు తమ్ముడు రెండేళ్ళపాటు ఆ సంగతి గమనించకుండా తాగాడు. భార్య పుట్టింటికి, జగిత్యాల దగ్గరి ఊరికి వెళ్ళిపోయింది. మారానని అతను కబురు పంపితే ఆమె ఒక షరతు పెట్టింది. ప్రతి ఆదివారం పన్నెండు గంటలకు మండల కేంద్రంలోని ఎస్టీడీ బూతు నుంచి నా నంబరుకు ఫోను చేస్తుంది. ఆ సమయానికి అతను ఆరాధనలో ఉండాలి. వెనక పాట వినిపించాలి. మాట ముద్దగా ఉండకూడదు. వరసగా పది ఆదివారాలు ఇలా గడిస్తే సూరత్ వస్తుంది. ఒక్కటి తప్పినా ఇక చేయదు. ఆమె ఊళ్ళో ఫోను లేదు, బూతువాడు బయటి ఫోన్లు ఎత్తడు కాబట్టి ఇతను చేయడానికి వీల్లేదు. నా ఫోను పోయేనాటికి ఏడు ఆదివారాలు పూర్తయ్యాయి.

శనివారం సాయంత్రం కొత్త ఫోను కొన్నాను. నంబరు తిరిగి వచ్చింది. దుకాణదారు గల్లాపెట్టె కింద నుంచి ఒక ఫారమూ, చిన్న పుస్తకమూ తీసి నా ముందు పెట్టాడు.

"సాహెబ్, బీమా లే లో. గిరే, టూటే, చోరీ హో, సబ్ కవర్."

పడినా పగిలినా దొంగలు ఎత్తుకుపోయినా కంపెనీ చూసుకుంటుందట. ఆలోచించుకోవడానికి బిల్లు తేదీ మరుసటి రోజు నుంచి పదిహేను రోజులు గడువు. అంటే మూడు ఆదివారాలు. మూడో ఆదివారమే ఆఖరి రోజు, తమ్ముడికి పదో ఆదివారం కూడా.

ఈ వ్యవహారం నాకు కొత్తది కావాలి గాని కాదు. పార్సిల్ ఆఫీసులో చీరల బేళ్ళు బుక్ చేసేటప్పుడు రోజూ నేను అడిగే ప్రశ్నే ఇది. రైల్వే పూచీ మీద పంపుతారా, యజమాని పూచీ మీద పంపుతారా? రైల్వే పూచీకి కొంచెం ఎక్కువ పడుతుంది. వ్యాపారులు దాదాపు అందరూ యజమాని పూచీ అనేవారు. బేలు తడిసి వచ్చినప్పుడు వాళ్ళే నా బల్ల ముందు నిలబడి అరిచేవారు. రసీదు తిప్పి వాళ్ళ సంతకాన్ని వేలితో చూపించేవాణ్ణి. పదకొండేళ్ళుగా అలా చూపిస్తూనే ఉన్నాను. నేను బల్లకు అవతల నిలబడితే ఏమంటానన్నది ఎప్పుడూ ఆలోచించలేదు.

విశ్వాసి అన్నవాడు ఏమనాలి? చిన్నప్పటి నుంచి వాక్యం చదువుతూ పెరిగినవాణ్ణి కనుక అక్కడే వెతికాను. రేపటిని గురించి దిగులు పడవద్దన్న మాట ఉంది. పెళ్ళికొడుకు కోసం రాత్రి ఎదురుచూసిన కన్యల్లో దీపంతోపాటు అదనంగా నూనె తెచ్చుకున్నవాళ్ళే తెలివైనవాళ్ళన్న మాటా ఉంది. రెండు వైపులా సాక్షులు సమానంగా దొరికారు. వారం రోజులు మోకాళ్ళ మీద అడిగాను. జవాబు రాలేదు. గడువు పదిహేను రోజులని దేవునికి తెలియకుండా ఉండదు కనుక ఎదురుచూశాను.

ఇంట్లో నా భార్య ఎదురుచూడలేదు.

"ఊరెళితే ఇంటికి తాళం వేస్తున్నాం కదండీ. అది అవిశ్వాసమా?"

"తాళానికి ఏటేటా డబ్బు కట్టం కదా."

"అయితే మీ బాధ విశ్వాసం గురించి కాదన్నమాట."

నేను గడ్డం గీసుకోవడానికి వెళ్ళాను.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరు ఏ కొత్త వస్తువు కొన్నా మొదటి ఆదివారం గదికి తెస్తారు. అయ్యగారు, అంటే మా కాపరి, దానిమీద చేయి పెట్టి ప్రార్థించి, ఒక చుక్క నూనె రాసి, దేవునికి ప్రతిష్ఠ చేస్తారు. సైకిళ్ళు, కుట్టుమిషన్లు, గ్యాస్ పొయ్యిలు, ఒకసారి గ్రైండరు, అన్నిటికీ జరిగింది. నా ఫోనుకూ జరిగింది. వెనక డొప్ప మీద ఒక్క చుక్క. చేతిరుమాలుతో తుడిచి జేబులో వేసుకున్నాను. పన్నెండు గంటలకు ఆమె ఫోను వచ్చింది, తమ్ముడు మాట్లాడాడు. ఎనిమిది.

తొమ్మిదో ఆదివారం ఫోను అయ్యాక తమ్ముడు నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"అన్నా, బీమా చేయించినవా?"

"ప్రార్థిస్తున్నాను తమ్ముడూ."

"గంత సోచాయించుడు ఏందన్నా? మల్ల పోయిందనుకో, నీది ఫోనే పోతది. నాది సంసారం పోతది. జర చేయించు."

ఆ రాత్రి కాకుండా మర్నాడు పొద్దున్నే, ఆఫీసుకు వెళ్ళేముందు, ఆ చిన్న పుస్తకం మొదటి నుంచి చివరి వరకు చదివాను. చిన్న అక్షరాలంటే నాకు భయం లేదు, మా గ్రంథంలోవీ చిన్న అక్షరాలే. ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ, నాలుగో పేజీలో నిబంధనను తొమ్మిదో పేజీలో మినహాయింపుతో సరిచూసుకుంటూ చదివాను. దొంగతనమంటే బలవంతంగా లాక్కున్నదే దొంగతనం. తెలియకుండా జేబులోంచి పోతే అది అజాగ్రత్త. అంటే బస్సులో నా మొదటి ఫోను పోవడం దొంగతనం కిందికి రాదు. తడి తగిలితే వర్తించదు. ఏ రకమైన ద్రవమైనా సరే. అన్నీ సరిగ్గా ఉంటే పరిశీలించి ముప్పై రోజుల్లో పరిష్కరిస్తారు.

ముప్పై రోజుల్లో నాలుగు ఆదివారాలున్నాయి.

రాసినవాడు మా ఆఫీసులో పనిచేసి ఉండవచ్చునని గౌరవం కలిగింది. తీర్మానం మాత్రం కుదరలేదు. దీని సంగతి అయ్యగారితో చెబితే ఆయన, "ఆదివారం ఫోను తీసుకురా. మళ్ళీ నూనె రాసి సంఘమంతా కలిసి అడుగుదాం. ఆ సాయంత్రానికి నీకే తెలుస్తుంది" అన్నారు.

పదో ఆదివారం వచ్చింది. ప్రసంగం ముగిసేసరికి పదకొండూ యాభై. అయ్యగారు ఎడమ అరచేతిలో ఫోను పెట్టుకుని కుడిచేత్తో నూనెసీసా తీశారు. ఆయన మామూలుగా వాడేది హోమియో మందుల సీసా, చుక్కచుక్కగా పడుతుంది. ఆ వారం అది పగిలిపోయి, దగ్గుమందు సీసా కడిగి దాంట్లో నూనె పోసి తెచ్చారు. నేను సీసా మార్పు గమనించాను. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవకూడదు కనుక గమనించనట్టు ఉండిపోయాను.

ఆయన గట్టిగా ప్రార్థించారు. దొంగల చేతుల నుంచి, పడిపోవడం నుంచి, పగిలిపోవడం నుంచి కాపాడమన్నారు. ద్రవాల గురించి అడగలేదు. ఆమెన్ అని నేను కళ్ళు తెరిచేసరికి నూనె అంకెల మీటల మధ్య నిలిచి, మెల్లగా లోపలికి దిగుతోంది.

నా చొక్కా అంచుతో తుడిచాను. తెర వెలుగుతూనే ఉంది. హమ్మయ్య అనుకున్నాం. సరిగ్గా పన్నెండింటికి ఫోను మోగింది. పచ్చమీట నొక్కాను. మోగుతూనే ఉంది. తమ్ముడు లాక్కుని నొక్కాడు. అయ్యగారు నొక్కారు. ఏ మీటకూ ప్రాణం లేదు. ఫోను తన పని తాను చేస్తోంది, మేమే ఎత్తలేకపోతున్నాం. ఆ మోత ఆగేవరకు నలభైమందిమీ దాని చుట్టూ నిలబడి చూశాం.

తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "అయిపోయిందన్నా. మల్ల చెయ్యది. నాకు తెలుసు దాని సంగతి."

నా భార్యే ముందు తేరుకుంది. "అందులో సిమ్ము తియ్యండి. కింద సేఠ్ గారికి ఫోనుంది కదా."

కింద ప్యాకింగ్ దుకాణం సేఠ్ ఆదివారాలు కూడా తెరిచేవాడు. నేనూ తమ్ముడూ నా భార్యా మెట్లు దిగి వెళ్ళి సంగతి చెప్పాం. ఆయన మా ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు. "ఫోన్ మే తేల్ డాలా? క్యోం?" అన్నాడు, ఫోనులో నూనె ఎందుకు పోశారని. ఆశీర్వాదం కోసమని చెప్పాను. దానిమీద ఆయన వాదించలేదు. ఆయన గల్లాపెట్టెకు కూడా పసుపు బొట్టు ఉంది. తన సిమ్ము తీసి జాగ్రత్తగా అగ్గిపెట్టెలో పెట్టుకుని ఫోను నా చేతికిచ్చాడు.

పన్నెండూ పన్నెండు నిమిషాలకు ఫోను మోగింది. ఆమె ఇంకా బూతు వదిలి వెళ్ళలేదు. తమ్ముడే ఎత్తాడు. ఆమె గొంతు పక్కనున్న మాకు కూడా వినబడింది.

"ఎందుకు ఎత్తలే?"

"ఎత్తరాలేదే. ఫోనుల నూనె పోసిండ్రు."

"ఎవలు?"

"అయ్యగారు."

"పొద్దుగాల్నే మొదలువెట్టినవా?" అంది.

"ఒట్టు, తాగలే. అయ్యగారు ప్రార్థన చేసుకుంట ఫోను మీద నూనె పోసిండు. గిప్పుడు సేఠ్ ఫోనుల మాట్లాడుతున్న."

చెప్పినకొద్దీ అది ఇంకా తాగినవాడి మాటలాగే ఉంది. ప్రతి ముక్కా నిజం, ఒక్క ముక్కా నమ్మేలా లేదు. నేను ఫోను తీసుకుని, "వందనాలమ్మా, నేను అన్నను మాట్లాడుతున్నాను. నూనె సంగతి నిజమే" అన్నాను.

"నీ గొంతు అన్న గొంతులెక్క లేదు. దోస్తువా? నువ్వు సుత తాగినవా?"

వేరే ఫోనులో గొంతు వేరేగా ఉంటుందని వివరించబోయాను. నా భార్య నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అమ్మాయ్, నేను మీ అన్న భార్యను. నీ మొగుడు తాగలేదు. నూనె పోసింది అయ్యగారు, పోస్తుంటే కళ్ళు మూసుకుని నిలబడింది మా ఆయన. ఇద్దరికీ ఆలోచన లేదు. నీ మొగుడొక్కడే ఇక్కడ ఏ తప్పూ చేయనివాడు."

అవతల నుంచి నవ్వు వినబడింది. ఈలోగా పైనున్నవాళ్ళంతా మెట్ల మీదికి వచ్చేశారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. చీరల అట్టపెట్టెల మధ్య నా భార్య ఫోను పైకెత్తి పట్టుకుంది. రెండు చరణాలయ్యాక తిరిగి చెవికి పెట్టుకుంది.

"విన్నావా?"

"విన్న వదినా. లెక్కల వేసుకుంట. పది."

తమ్ముడు ఏడ్చాడు. సేఠ్ తన ఫోను తిరిగి తీసుకుని, ముందూ వెనకా చూసి, చొక్కాకు తుడుచుకున్నాడు.

సాయంత్రం మొబైల్ దుకాణానికి వెళ్ళాను. గడువు ముగియడానికి ఇంకా టైముంది. దుకాణదారు బీమా ఫారము ముందు పెట్టాడు. మూడో ప్రశ్న: ఫోను ఇప్పుడు పనిచేస్తున్న స్థితిలో ఉందా? ఇరుపక్కల చూసి ఉందని రాసేయమని దుకాణదారు కళ్ళతో చెప్పాడు. లేదు అని రాశాను.

"తో ఫిర్ బీమా కిస్ కా?" అన్నాడు, మరి బీమా దేనికని.

ఫారము వెనక్కిచ్చేశాను. బీమాకని తెచ్చిన డబ్బుతో అద్దాల బల్లలో ఉన్న పాత ఫోనొకటి, ఎవరో వాడి అమ్మేసింది, కొన్నాను. మీటల మీద అంకెలు సగం అరిగిపోయాయి. దీనికి బీమా దొరకదని అతను ముందే హెచ్చరించాడు. చాలా సంతోషమన్నాను. ఆ రోజు నుంచి అది గదిలో పాటల పుస్తకాల బీరువాలో ఉండేది. నా ఫోనుకు ఏమైనా సిమ్ము అందులోకి మారుతుంది, ముప్పై రోజులు ఆగక్కరలేదు. అదనపు నూనె తెచ్చుకోవడమంటే ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆ పోలిక నా భార్యతో చెప్పాను. నూనె మాట ఎత్తవద్దంది.

తడిసిన ఫోనును సందులో బాగుచేసేవాడు విప్పి, స్పిరిటుతో కడిగాడు. "కిచెన్ మే గిరా?" అని, వంటింట్లో పడిందా అన్నట్టు అడిగాడు. కాదు, ప్రార్థనలో అన్నాను. ఫోను బతికింది.

మూడు వారాలకు తమ్ముడి భార్య వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. సాంచెల గదిలోంచి మారి వాళ్ళిద్దరూ అమ్రోలిలో చిన్న వాటా తీసుకున్నారు. మొదటి ఆదివారం ఆరాధనకు వస్తూ నా ఫోనుకని ఒక సంచి కుట్టి తెచ్చింది. రెక్సిన్ ముక్కతో, పైన మడిచి గుండీ పెట్టుకునేలా. లోపలికి ఏదీ దిగదు.

అది చూసి అయ్యగారికి సంతోషం కలిగింది. కొత్త వస్తువు కనుక చేయి చాచి, జేబు తడుముకున్నారు.

ఆమె సంచి ఇవ్వకుండా రెండు చేతులా పట్టుకుని తల వంచింది.

"ప్రార్థన చేయుండ్రి అయ్యగారూ. నూనె వద్దు."