పసుపు లేని ఇల్లు

కావలి దాటాక హైవే పక్కన కొత్తగా వెలిసిన ఆ కుటుంబ ఆరోగ్య కేంద్రంలో అద్దాల తలుపు తెరవగానే ముందు నిమ్మగడ్డి నూనె వాసన, దాని వెనక వేడెక్కిన నువ్వుల నూనె వాసన, ఇంకా లోపలికి పోతే పచ్చి పసుపుకొమ్ము దంచినప్పటి ఘాటు ముక్కుకు తగులుతాయి. మోకాళ్ల నొప్పులతో కుంటుతున్న మా పిన్నమ్మను మొన్న తోడుండి అక్కడికి తీసుకుపోయాను. మట్టిపట్టీలు, ఆవిరిపెట్టె, తైలధార, సూదుల వైద్యం, యోగా, సిరిధాన్యాల భోజనం, పక్క గదిలో రక్తపరీక్ష యంత్రం, ఈసీజీ. అన్ని వైద్యాలూ ఒకే కప్పు కింద దొరుకుతాయని గోడ మీద రాసుకున్నారు. ఆ రాతకు పైన పూలదండ వేసిన పెద్ద ఫొటో, దాని కింద బంగారు రంగు అక్షరాల్లో 'మూడు తరాల వైద్య వారసత్వం' అని. ఫొటోలోని మనిషిని పిన్నమ్మ గుర్తుపట్టింది. గుర్తుపట్టిన మరుక్షణం, ఎవరో చూస్తారన్నట్టు, కొంగు మెడ చుట్టూ బిగించి లాక్కుంది. డెబ్బై ఏళ్ల మనిషి, ఎప్పుడో తాళి తెగిన మెడ. అక్కడ దాచుకోవలసింది ఏమీ లేదు.

మా ఊరు సముద్రానికీ కాలవకూ మధ్య ఇసుకదిబ్బ మీద ఉండేది. ఎండాకాలం తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకు ఆడవాళ్లు తట్టలతో పరిగెత్తేవాళ్లు. మేం పిల్లలం సరుగుడు తోపులో కూర్చుని, ఆకుపుల్లను కణుపు దగ్గర విరిచి, విరిగిన చోటు కనబడకుండా మళ్లీ అతికించి, యాడ విరిచినానో చెప్పు చూద్దాం అని ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్లం. ఎండబెట్టిన నెత్తళ్ల వాసన, తాటిముంజెల నీళ్లు కారి మోచేతుల దగ్గర జిగటలు కట్టడం, మామిడికాయ ముక్కలు వేసి కాచిన చేపల పులుసు ఒక రాత్రి ఊరాక మరునాడు సంకటిలోకి తెచ్చే రుచి, కార్తీకంలో తుపాను గాలికి తాటాకు కప్పు లేచిపోతుంటే దాని మీదకు వల విసిరి రాళ్లు కట్టే మగవాళ్ల కేకలు, ఇవన్నీ కలిసి మా ఊరు. దానికి ఒక రంగంటూ ఉంటే అది పసుపు. గడపలకు పసుపు, ఆడవాళ్ల పాదాలకు పసుపు, ఏటా గంగమ్మ కొలుపునాడు వేపమండలతో మా నెత్తిన చిలకరించే నీళ్లలో పసుపు, దెబ్బ తగిలితే పసుపు, దిష్టి తగిలినా పసుపే.

ఇంట్లో వైద్యం మా నాయనమ్మది. జలుబుకు శొంఠి కషాయం, ఒళ్లునొప్పులకు వావిలాకు వేసిన వేడినీళ్లు, నెలకొక ఆదివారం ఆముదం. ఆ ఆదివారం పిల్లలందరం తెప్పల కింద దూరేవాళ్లం, నాయనమ్మ కాళ్లు పట్టి ఒక్కొక్కరినే బయటికి ఈడ్చేది. ఆ కషాయాల మీద నాకు ఈనాటికీ పగ లేదు. వేడినీళ్లు ఒంటికి హాయి, శొంఠి గొంతుకు హాయి. హాయిని హాయి అన్నంతవరకు ఎవరికీ నష్టం లేదు.

కామెర్లు వస్తే మాత్రం కాలవ అవతలి నుంచి చెంగయ్య వచ్చేవాడు. తెల్లటి పంచె, మెత్తటి మాట. నేలవుసిరి నూరి మజ్జిగలో కలిపి తాగించేవాడు. తర్వాత రోగి అరచేతులకు ఏదో బెరడు రసం పూసి, పళ్లెం మీద పట్టి, సున్నపు తేట పోసేవాడు. తెల్లటి నీళ్లు పళ్లెంలో పడేసరికి పచ్చగా మారేవి. "చూసినారా, విషం దిగతా ఉండాది" అనేవాడు. మేం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. కాలేజీలో చేరాక ఒక హేతువాద సభలో వేదిక మీదకు పిలిచి, ఏ జబ్బూ లేని నా చేతులకు మామిడి బెరడు రసం పూసి సున్నపు తేట పోశారు. నీళ్లు అంతే పచ్చగా మారాయి. సభంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే అప్పటికే మా చిన్నాయన పోలయ్య చచ్చిపోయి చాలా ఏళ్లయింది.

చిన్నాయనకు పిన్నమ్మతో పెళ్లయి రెండు కొలుపులైనా దాటలేదు. పిన్నమ్మ పేరు చిట్టెమ్మ, పక్క రేవు పిల్ల, ఆయన తెప్ప దిగే ముందే ఒడ్డున నిలబడి, "ఏం తెచ్చినావు, ఉత్త నురగేనా?" అని అందరి ముందూ ఎగతాళి చేసేది. ఆ వానాకాలం ఆయన కళ్లు పచ్చబడ్డాయి. చెంగయ్య వచ్చాడు, పసరు పోశాడు, పత్యం చెప్పాడు. ఉప్పు వద్దు, నూనె వద్దు, చేప వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో పసుపు ఉండకూడదు. తినడమే కాదు, రోగి కంట పడకూడదు. పచ్చదనం పచ్చదనాన్ని పిలుస్తుందట.

మా ఇల్లు ఒక్కరోజులో పసుపు లేని ఇల్లయింది. గడపలు గీకి కడిగారు. పసుపు డబ్బా పక్కింటికి పంపారు. పచ్చచీరలు మూటగట్టారు. పిన్నమ్మ మొహానికీ కాళ్లకూ పసుపు రాసుకోవడం మానింది. అప్పుడామె మెడ పట్టుకుని మా నాయనమ్మను అడిగింది, నేను పక్కనే ఉన్నాను.

"అత్తా, మరి ఈ తాడు?"

పిన్నమ్మ తాళి బంగారు గొలుసుకు లేదు, పసుపుతాడుకే ఉంది.

"తాడు తీస్తారా మే, పిచ్చిదానా! మొగుడు మంచంలో ఉండంగా తాడు మీద చెయ్యి వెయ్యబాకు. కొంగు కప్పుకో, వోడికి కనబడకుండా" అంది నాయనమ్మ.

పిన్నమ్మ కప్పుకుంది. నిద్రలో కూడా కప్పుకునే ఉండేది.

పసరు తాగుతున్నా చిన్నాయన కళ్లు ఇంకా పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోదామని మా నాయన అంటే చెంగయ్య మెత్తగానే చెప్పాడు: "సూది తగిలితే లోపలి పసరు విషమైపోద్ది. ఆనక నన్ను అడగబాకండి." ఆ మాటతో ఇల్లంతా మా నాయన మీదకే లేచింది. ఒక ఉదయం చిన్నాయనకు మతి తప్పింది. చాప మీద కూర్చుని గాలిలో వల లాగుతూ, "బరువుగా ఉండాది, పట్టుకోండిరా" అంటున్నాడు. చెంగయ్య వచ్చాడు. ఎప్పటిలాగే చేతులు కడిగించాడు, నీళ్లు ఎప్పటిలాగే పచ్చగా మారాయి. చెంగయ్య తల ఊపి లేచాడు.

"పత్యం చెడింది. ఈ ఇంట్లో యాడో పసుపుండాది."

ఊరి ఆడవాళ్లందరూ ఇంట్లో పడ్డారు. పెట్టెలు తెరిచారు, కుండలు బోర్లించారు, గంగమ్మ పటం మీది గుడ్డ లాగేశారు. ఒక పెద్దామె గూటిలోని కోడిగుడ్లు తెచ్చి, "దీంట్లో సొన పచ్చనే గదా" అని గోడకేసి కొట్టింది. ఎవరూ నవ్వలేదు. ఈ సందడిలో పిన్నమ్మ భర్తను పట్టుకుని పడుకోబెడుతుంటే కొంగు జారింది.

"అది ఏంది?" అన్నాడు చెంగయ్య.

అందరూ పిన్నమ్మ మెడ వైపు తిరిగారు. పిన్నమ్మ మా నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ ద్వారబంధం వైపు చూసింది.

"నాయనమ్మే తియ్యొద్దనింది!" అని నేను గట్టిగా అరిచాను. మా అమ్మ చెయ్యి నా నోటి మీద పడింది. ఆ చేతికి చేప వాసన. ఇప్పటికీ పెద్దవాళ్ల మధ్య నిజం చెప్పబోతే నాకు ఆ వాసనే ముందు వస్తుంది.

మా నాయన ఇక ఎవరి మాటా వినలేదు. చేపల ఐసు పెట్టెలు మోసే బండిలో తమ్ముణ్ణి నెల్లూరు తీసుకుపోయాడు. "ఇన్నాళ్లు ఏం చేస్తున్నారయ్యా?" అని అక్కడి డాక్టరు అడిగాడట. మా నాయన అదే బండిలో శవాన్ని తీసుకొచ్చాడు. డాక్టరు మాట మా ఊళ్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. అందరికీ తెలిసింది ఒక్కటే: చిట్టెమ్మ పత్యం చెడగొట్టింది, తాడుతో మొగుణ్ణి మింగింది. పదోరోజు ఆ తాడు తెంచినవాళ్లే ఆమెకు ఆ పేరు పెట్టారు. నీళ్ల పంపు దగ్గర బిందె తగిలినా, చేపల పంపకంలో మాట తేడా వచ్చినా, "నోరు మూసుకోవే పసుపుతాడూ" అనేవాళ్లు. మెడలో తాడు లేని మనిషికి ఊరు పెట్టిన పేరు అది. ఎవరింట జ్వరమొచ్చినా ఆమెను గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. మా నాయనమ్మ బతికినంత కాలం ఆమె చేతి కూడు తిన్నది, ఆమె చేతే కాళ్లు పిసికించుకున్నది. "నేనే చెప్పినాను" అనే మాట మాత్రం ఆ నోటి నుంచి రాలేదు.

మనవాళ్లు కనిపెట్టిన వాదాల్లోకెల్లా దుర్మార్గమైనది ఈ పత్యం వాదం. కామెర్లలో చాలావాటిని విశ్రాంతి ఇస్తే ఒళ్లే నయం చేసుకుంటుంది. అప్పుడది పసరు మహిమ. తిరగబెడితే రోగి ఇంట్లో తప్పు. గెలుపు మందుది, ఓటమి ఇంటి ఆడదానిది. ఈ లెక్కలో వైద్యుడు ఎన్నటికీ ఓడడు, ఓడనివాడు ఎన్నటికీ నేర్చుకోడు. సంప్రదాయమనీ, ప్రకృతి అనీ, పెద్దల అనుభవమనీ నా ముందు చేతులు జోడించేవాళ్లను నేను అడిగేది ఒకటే: మీ వైద్యం తప్పిన రోజు తప్పు ఎవరి మెడకు చుడతారు?

మొన్న ఆ కేంద్రంలో కూర్చున్న కుర్ర డాక్టరు చెంగయ్య మనవడు. నిజాయితీగా చెప్పాలంటే మంచిగానే చూశాడు. మోకాలు వంచి చూశాడు, ఎక్స్‌రే చూశాడు, బరువు తగ్గమన్నాడు, తొడల కండ గట్టిపడే వ్యాయామం చేసి చూపించాడు. చివర ఒక సీసా ముందుకు జరిపాడు.

"ఇది మా సొంత పసుపు అమ్మమ్మా. రోజూ పాలల్లో."

"పసుపు మంచిదా సామీ?"

"మంచిదా అంటారేంది! కీళ్లకు మంచిది, రక్తానికి మంచిది, లివరుకు మంచిది."

"లివరంటే?"

"కాలేయం. కామెర్లొచ్చేది అది చెడితేనే."

పిన్నమ్మ కుర్చీ అంచుకు జరిగింది. "కామెర్లోడు పసుపు చూస్తే చస్తాడా?"

డాక్టరు నవ్వాడు. "చూస్తే ఏమవుద్ది అమ్మమ్మా? అట్టయితే బంతిపూలు అమ్మేవాళ్లు ఒక్కరూ మిగలరు."

"మీ తాత చస్తాడన్నాడే."

నవ్వు ఆగిపోయింది. "తాతగారి కాలం వేరు. ఆయన అనుభవం ఆయనది" అన్నాడు, ఫొటో వైపు చూడకుండా.

"అనుభవం ఆయనదైతే శిక్ష ఈమెకెందుకు పడింది?" అన్నాను. "మీరు ఇప్పుడన్న మాట ఆ ఫొటో కింద రాయించండి."

"జనం ఆ ఫొటో చూసే వస్తారు మేడం" అన్నాడు అతను, సిగ్గుపడుతూనే.

నేను లేచాను. పిన్నమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "అరవబాకు. చెప్పినాడు గదా. ఆయన మనవడే చెప్పినాడు."

ఆటో ఎక్కాక ఇంటికి వద్దంది. మా ఊళ్లోకి పోనిమ్మంది. నాయనమ్మ పోయాక ఆమె తన తమ్ముడి దగ్గరికి వచ్చేసింది, మళ్లీ మా రేవు మొహం చూడలేదు. దారంతా ఒకటే మాట: "వాళ్లకు చెప్పాల. నీళ్ల పంపుకాడ నిలబడి చెప్పాల." ఆమె గొంతులో, తెప్ప దగ్గర నిలబడి మొగుణ్ణి ఎగతాళి చేసిన ఆ పిల్ల వినిపించింది.

ఇసుకదిబ్బ లేదు. సరుగుడు తోపు కొట్టేశారు. మా ఇళ్లున్న చోట రొయ్యల గుంటలు. నీళ్ల మీద చక్రాలు నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి. మిగిలిన ఇళ్లు రోడ్డు పక్క కాలనీలోకి కదిలాయి. పిన్నమ్మ ఆటోలోంచి దిగి ఒక్కొక్కరి పేరే అడిగింది. గుడ్లు పగలగొట్టిన పెద్దామె ఎప్పుడో పోయింది. పంపు దగ్గర మొదట ఆ పేరు పెట్టి పిలిచినామె మద్రాసులో కూతురింట పోయింది. ఆ పిలిచినామె తోడికోడలు, మా పక్కింటి ముసలామె, అందరూ పోయారు.

చివరి ఇంటి ముందు గుడ్డలు ఆరేస్తున్న ఒక కొత్త కోడలు దగ్గరికొచ్చింది. "ఎవురు కావాలవ్వా?"

"కామెర్లోడు పసుపు చూస్తే ఏమీ గాదంట మే" అంది పిన్నమ్మ, గట్టిగా, ఆ వీధంతా వినేట్టు. "డాక్టరే చెప్పినాడు."

ఆ పిల్ల అయోమయంగా నవ్వింది. "ఏమన్నా అవుద్దని ఎవురన్నారవ్వా?"

ఎవరన్నారో చెప్పడానికి పిన్నమ్మ నోరు తెరిచింది. చెయ్యి ఎత్తి చూపించబోయింది. చూపించడానికి ఆ మాట అన్నవాళ్ల గడప ఒక్కటైనా ఆ ఊళ్లో మిగల్లేదు.