టిక్కుమనని బాబిన్ కేసు

మా మామ్మ పేరు పెద్దతల్లి. ఆవిడకి తన తప్పు ఒప్పుకునే అలవాటు లేదు. కూరలో ఉప్పెక్కువైతే అది ఉప్పు ప్యాకెట్టు తప్పు. జాకెట్టు బిగుతైతే తొడుక్కున్నవాళ్ల ఒంటి తప్పు. వజ్రపుకొత్తూరు దగ్గర, సముద్రపు హోరు వినిపించే ఆ ఊళ్లో ముప్పయ్యేళ్లుగా ఆడవాళ్లందరి కొలతలూ ఆవిడ నోటికి వచ్చు. ఆ నోరు ఎలాంటిదో ఆడవాళ్లందరికీ తెలుసు. అందుకే ఆ బుధవారం పొద్దున్న జాకెట్టు చెయ్యి కుడుతుంటే గుడ్డ కింద దారం ఉండకట్టినప్పుడు, ఆవిడ ముందు దారాన్ని తిట్టింది. తర్వాత దారం అమ్మిన కొట్టువాణ్ణి తిట్టింది.

మూడోసారీ ఉండకట్టేసరికి తిట్లు ఆపేసింది. అదే అసలు భయపడాల్సిన సంగతి.

ఆవిడది కాళ్లతో తొక్కే నల్లటి కుట్టుమిషను. తాత టెక్కలిలో ఎవరి దగ్గరో పాతది కొని, బస్సు టాపు మీద వేసుకుని తెచ్చాడు. సూది పక్కన పలక జరిపితే లోపల చిన్న గూడు, ఆ గూట్లో బొటనవేలంత ఇనుప డిప్ప. అదే బాబిన్ కేసు. కింది దారం చుట్టిన బాబిన్ అందులో కూచుంటుంది. డిప్ప వీపునున్న రేకును రెండు వేళ్లతో లాగి పట్టుకుని, దాని కొమ్ము పైకుండేలా చూసి, గూట్లోని మేకుకు తొడిగి రేకు వదలాలి. టిక్కుమంటుంది. అలా అనకపోతే సరిగ్గా కూచోలేదన్నమాట. కుడిచెయ్యి ఆ సందులోకి వీలుగా పోదు. ఎడమచేతి పని అది, కళ్లతో కాక వేళ్లతో చేసే పని. కరెంటు పోయినా, వీధిలో పోయేవాళ్లతో తగువు పెట్టుకున్నా, పెద్దతల్లి తల దించకుండానే తొడిగేసేది.

ఇప్పుడా ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ ఆవిడకి సరిగ్గా తెలియడం లేదు. రేకు పట్టుకున్నదో లేదో తెలియదు. టిక్కుమన్నదో లేదో తెలియదు.

మూడు నెలల కింద పలాస ఆస్పత్రిలో ఆ చేతికి ఫిస్టులా వేశారు. కిడ్నీలు మొరాయిస్తున్నాయి, ఇవాళో రేపో డయాలసిస్ మొదలెట్టాలి, దానికి ముందే చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టి ఉంచాలన్నారు. కుట్టిన చోట వేలు పెడితే బుర్రుమని ఆడుతూ ఉండాలనీ, ఆడితే బాగున్నట్టేననీ నర్సు చెప్పింది. పెద్దతల్లి రోజూ లేవగానే వేలు పెట్టి చూసుకుంటుంది. బుర్రుమంటోంది. చెయ్యి బాగున్నట్టే కదా, వేళ్ల తిమ్మిరి వయసుది అయివుంటుంది. ఆవిడ లెక్క అది. వేళ్లు మొద్దుబారితే వెంటనే రమ్మని కూడా నర్సే చెప్పింది. ఆ ముక్క మాత్రం పెద్దతల్లి విననట్టే ఉండిపోయింది. ఈ చెయ్యి పనికిరాదంటే కుడిచేతికి కోతపెట్టి అక్కడ వేస్తారు. కత్తెర పట్టే చెయ్యి అది.

పదకొండింటికి కుమారి వచ్చింది. వరసకి ఆడపడుచు. రెండేళ్లుగా వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పోతోంది. ఇలాంటివాళ్ల కోసం పెద్దతల్లి ఒక రకం జాకెట్టు కనిపెట్టింది. ఎడమచేతి కుట్టు మోచేతి దాకా వదిలేసి టిచ్ బటన్లు వేస్తుంది. సూదులు గుచ్చేటప్పుడు జాకెట్టు విప్పక్కర్లేదు, పైకి మడిచి రక్తం ఆడనివ్వకుండా బిగించక్కర్లేదు. చుట్టుపక్కల నాలుగూళ్ల నుంచీ వస్తారు దానికోసం.

"ఏటొదినా, ఆదివారం ఇత్తానన్నావు. ఏ ఆదివారమో అడగడం నా బుద్ధితక్కువ."

"నీ సెయ్యి సన్నబడిపోతంటే కొలత మార్సొద్దేటి. కూకో. పావుగంట."

"పావుగంట పొద్దున్న తవిటయ్య పెళ్లానికి కూడా సెప్పేవంట. ఇంకా పావుగంటలోనే ఉన్నావా?"

పెద్దతల్లి గూట్లోకి చెయ్యి పెట్టింది. తొడిగింది. కూచున్నట్టే అనిపించింది. కాలు వేసి తొక్కింది. నాలుగు కుట్లు పడ్డాయో లేదో లోపల కటుక్కుమంది. సూది విరిగింది. విరిగిన ముక్క ఎగిరి కుమారి చీర కుచ్చిళ్లలో పడింది. డిప్ప జారి కిందపడి దొర్లింది.

కుమారి కుచ్చిళ్లు దులిపి, సూది ముక్క ఏరి మిషను మీద పెట్టింది.

"దారం మంచిది కాదే," అంది పెద్దతల్లి.

కుమారి డిప్ప తీసి పెద్దతల్లి ఎడమచేతిలో పెట్టబోయి, ఆ వేళ్లు పట్టుకుని ఆగిపోయింది. తన చెంపకి ఆనించుకుంది.

"సల్లగా ఉన్నాయేటి వదినా. నూతిలో నీల్లలాగ."

"బుర్రుమంతంది సూడు. బాగానే ఉంది."

"నాకూ బుర్రుమనీది. బుర్రుమంతంటేనే ఏలి కొన నల్లబడింది. రగతం అంతా ఆ కుట్టుకాడే గిర్రున తిరిగి ఎనక్కెల్లిపోతంది, ఏల్లకి దిగట్లేదు. ఎన్నాల్లయింది?"

"నెల."

"నెలా. నోరు మాత్రం నిమ్మాడ దాకా ఇనిపిత్తాది నీకు. ఇదొక్కటీ సెప్పడానికి పెగల్నేదా. రమణికి నువ్ సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

సాయంత్రం కోడలు రమణి జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే పెద్దతల్లే చెప్పింది. రమణి తిట్టలేదు. అత్త వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి "తెలుత్తందా? ఇది?" అని అడిగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మామ్మ తల అడ్డంగా ఊపింది.

మర్నాడు కుమారితో పాటే ఆటోలో పలాస వెళ్లారు. వేళ్లకి రక్తం సరిపోవడం లేదన్నాడు డాక్టరు. సోమవారం స్కాన్ తీస్తామని, చిన్న ఆపరేషన్‌తో సర్దుకోవచ్చని, కుదరకపోతే దీన్ని మూసేసి కుడిచేతికి వెయ్యాల్సి ఉంటుందని చెప్పాడు.

"సోమారం దాకా మిషను తొక్కొచ్చా బాబూ?" అని అడిగింది పెద్దతల్లి.

"తొక్కండమ్మా. ఎడమచేత్తో బరువెత్తకండి, వేళ్లకి దెబ్బ తగలనివ్వకండి. తెలియని వేళ్లతో సూది దగ్గరికి అసలు పోకండి."

శుక్రవారం పొద్దున్న ఫ్యాక్టరీకి బయల్దేరేముందు రమణి బాబిన్ కేసు పట్టుకుని మిషను ముందు గొంతుకూచుంది. జీడిపప్పు పొట్టు తీసి తీసి ఆవిడ వేళ్లు గరుకుబారాయి, కానీ వాటికి అన్నీ తెలుస్తాయి. పెద్దతల్లి పక్కన నిలబడి చెబుతోంది.

"కొమ్ము పైకి. పైకి అంటే, నీ ముక్కు వేపు కాదు. రేకు లాగి పట్టుకో. తొయ్యి. అంత బలమెందుకే, అదేమన్నా కుంకుడుకాయా. ఇప్పుడొగ్గీ."

టిక్కుమంది.

ముప్పయ్యేళ్లలో ఆ చప్పుడు ఇంకొకరి చేతిలోంచి రావడం పెద్దతల్లి వినడం అదే మొదటిసారి. బాగుందని అనలేదు. "ఊఁ, ఎల్లు, ఆటో ఎల్లిపోద్ది," అంది.

పెద్దతల్లి ఎడమ అరచేత్తో గుడ్డ అదిమి, కుడిచేత్తో నడుపుతూ కుమారి జాకెట్టు చెయ్యి పూర్తిచేసింది. కుట్టు కొంచెం వంకర. ఇంకో జాకెట్టు ఎత్తుకుంది. భుజం దగ్గరికి వచ్చేసరికి కింది దారం అయిపోయింది. సూది పైదారం ఒక్కటే వేసుకుంటూ నాలుగు అంగుళాలు పోయింది.

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. కొత్త బాబిన్ వేసి డిప్ప తొడగాల్సిన రమణి వచ్చేది ఆరింటికి. పెద్దతల్లి చక్రం ఆపి, ఎడమచేతిని కుడిచేత్తో ఒళ్లో పట్టుకుని రుద్దుకుంటూ కూచుంది.