ఏడో సిస్టం

ఇంకొకరి కంప్యూటర్ కనబడితే చాలు, జగన్నాధానికి చేతులు ఊరుకోవు. అందులో ఉన్న ఆపరేటింగ్ సిస్టం పీకేసి కొత్తది ఎక్కించందే కాఫీ ముట్టడు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. గజపతినగరంలో ఆయన వీధి మలుపు తిరిగితే బంధువులు ముందు ప్లగ్గు పీకి, కంప్యూటర్ మీద దుప్పటి కప్పేవారు.

ఆ పాటి తెలివి సొంత అప్ప గురమ్మకి లేకపోయింది. వరి ఊడ్పుల్లో తల్లి పాడిన పాటలు నూట పన్నెండు, రెండేళ్లపాటు ఒక్క వేలితో కంప్యూటర్లో కొట్టి దాచుకుందావిడ. ఆ పాటలు ఇప్పుడు ఊళ్ళో ఇంకెవరికీ రావు. అలాంటి పెట్టెలో మూడు నెలల్లో ఆరు సిస్టంలు మార్చాడు తమ్ముడు. అన్నిటికీ లినక్సే ఇంటిపేరట, పేర్లే వేరట.

అదీ ఊరికే మార్చడు. పంచాంగం చూసి, వర్జ్యం దాటాక, మానిటర్‌కి కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతాడు. మూడోసారి కొబ్బరినీళ్లు కీబోర్డులోకి పోయి, వారం రోజులు సగం మీటలు నొక్కితే లేవలేదు.

"ఇది మా గట్టిదప్పా, వైరస్ రాదు."

"నా పాటలేవిరా?"

"ఉంటాయి. ఇల్లు మారితే సామాన్లు సర్దుకోవద్దా?"

"నెలకి రెండిళ్లు మారితే సామాన్లు మిగుల్తాయేటి?"

ఏడోసారి గురమ్మ పొలం నుంచి వచ్చేసరికి మానిటర్‌కి కొత్త బొట్టుంది. తెర మీద తెలిసిన గుర్తు ఒక్కటీ లేదు. ఎంత వెతికినా పాటల ఫైలు కనబడలేదు. పక్కనే కూర్చున్న తమ్ముడి మీద విరుచుకుపడింది.

"ఒరే, నీకు నేనేటి అన్నేయం సేసేన్రా? అమ్మని మొదటిసారి కాటికి మోసేం. రెండోసారి నువ్వు తుడిసేసేవు!"

జగన్నాధం ఒక మీట నొక్కాడు. పెట్టెలోంచి ఒక ఆడగొంతు ఊడ్పుల పాట చదివింది, రైలు ఆలస్యమని చీపురుపల్లి స్టేషన్లో చెప్పినట్టుగా.

"ముక్కు తెరకి ఆనించి సదువుతన్నావు. కళ్లు పోతన్నాయని ఎవులికీ సెప్పలేదు నువ్వు. తెలుగు పైకి సదివే సిస్టం ఏదాని అందరిళ్లలోనూ ఎక్కించి సూసేను, నీ పెట్టెలోనూ ఆరు సూసేను. ఒక్కటీ సరిగ్గా పలకలేదు. ఇది పలుకుతాది. నూట పన్నెండూ ఉన్నాయి. ముందు నాకాడ దాసుకున్నాకే ప్రతిసారీ కాయ కొట్టేను."

గురమ్మకి తమ్ముడి మీద ప్రేమా, దొరికిపోయానన్న సిగ్గూ కలిసి వచ్చాయి. ఈలోగా గొంతు రెండో పాటలోకి వెళ్లింది.

"ఆపరా దాన్ని! అమ్మ ఇలాగ పాడుంటే కూలోళ్లు మళ్లోనే నిద్దరోదురు."

కొంగు దోపుకుని పెట్టె ముందు కూర్చుని గొంతెత్తింది. "ఒసే, ఇలాక్కాదు. నా ఎనక అను."

పెట్టె వినిపించుకోకుండా మూడో పాట మొదలెట్టింది.