గడ్డి మీద ఆడని పిల్ల

ఈ రోజు ఇండియా మహిళల రగ్బీ జట్టును ప్రకటించారు. నా పేరు లేదు. నేను ఆడే స్థానం ఇంగ్లండులో ఉంటున్న ఒక అమ్మాయికి ఇచ్చారు. ఆమె ట్రయల్స్‌కు రాలేదు, వీడియో పంపిందట. ఆమె మీద నాకు కోపం లేదు, బాగానే ఆడుతుందేమో.

సెలక్షన్ కమిటీలో ఉన్న మన రాష్ట్రం సారుకు ఫోన్ చేసి, నాలో లోపమేమిటని అడిగాను.

"లోపమేం లేదమ్మా. అక్కడివాళ్లు చిన్నప్పటి నుంచి గడ్డి మీద ఆడినవాళ్లు. నువ్వు మట్టి మీదే ఆడావు. పెద్ద మ్యాచ్‌లో తడబడతావు" అన్నారు.

మా కాలేజీ మైదానంలో ఆటకు ముందు రోజూ అందరం వంగి రాళ్లు ఏరతాం. ఆ తర్వాతే బంతి ముట్టుకుంటాం. ఆ మాట చెప్పేలోపే ఆయన ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం ఇంటికి వచ్చి, సారు అన్నది అన్నట్టే మా నాయనకు చెప్పాను.

"గడ్డి లేకనే కదా పాపా, మొన్న ఎద్దుల్ని కదిరి సంతకు తోలినాము. ఇంగ నీకు యాడ నుంచి తెచ్చేది?" అన్నాడు.

మన జిల్లాలో పచ్చగడ్డి ఉన్న మైదానం ఎవరికైనా తెలిస్తే రాయండి. ముందు మా బర్రెను తోలుకుపోతాం, అది మేశాక మిగిలితే నేను ఆడతాను.