నైట్ డ్యూటీ వాళ్ళకి కూచిపూడి

నిక్షేపంలాంటి నాట్యం క్లాసును, చేతికి మట్టి అంటకుండా, కీబోర్డు మీద నాలుగు మాటలు కొట్టి ఎలా పడుకోబెట్టానో చెబుతాను. పడుకోబెట్టడమంటే నిజంగానే. చాప మీద, తలగడతో సహా.

అప్పుడు మేం టాటానగర్ దగ్గర బిర్సానగర్‌లో ఉండేవాళ్ళం. వీధికో సైబర్ కేఫ్ వెలిసిన రోజులు. నాకు డిగ్రీ అయింది, ఉద్యోగం కాలేదు. లైబ్రరీ ఉంది. కంప్యూటర్ల అలమరలో పుస్తకాలన్నీ చదివేశాను కాబట్టి లోకంలో నాకు తెలియనిది లేదని నా అభిప్రాయం.

మా పద్మక్క కమ్యూనిటీ హాల్లో పొద్దుటిపూట పిల్లలకి కూచిపూడి నేర్పేది. పిల్లలు గుప్పెడంత మంది. వేసవి సెలవులు పెట్టగానే కమిటీ సెక్రటరీ ఝాగారు కబురు పంపారు: "హాలు నిండాలి. లేకపోతే బ్యాడ్మింటన్ వాళ్ళకి ఇచ్చేస్తాం. ఈ నెల చివరి ఆదివారం నేనే వచ్చి చూస్తాను."

అక్క కంటనీరు పెట్టుకుంది. నేను కాలర్ సర్దుకున్నాను.

"అక్కా, నీకో వెబ్‌సైట్ పెడతాను."

"ఏటిరా, వెబ్‌సైటు గెంతుతాదా? నాకు గెంతే పిల్లలు కావాల్రా!"

"పిల్లలు దాన్ని చూసే వస్తారే. అడగందే అమ్మయినా పెట్టదు, వెతకందే సైటైనా కనబడదు. జనం ఏం వెతుకుతారో అది మన పేజీలో ఉండాలి."

"అయితే డాన్స్ క్లాస్ అని రాయి."

నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "డాన్స్ క్లాస్ అని ఊరూవాడా రాస్తారు. ఆ గుంపులో మనం పండగ రోజు టాటానగర్ స్టేషన్లో తప్పిపోయిన పిల్లాడిలా ఉంటాం. ఎవరూ రాయని పొడుగాటి మాటలు రాయాలి. మనిషి తన బాధని తన మాటల్లో ఎలా వెతుక్కుంటాడో సరిగ్గా అలాగే. పుస్తకంలో ఉంది."

పుస్తకంలో ఉన్నమాట నిజమే. ఎవరి బాధ రాయాలో పుస్తకంలో లేదు. అది నా సొంత తెలివి.

మా వీధిలో బాధ అంటే ఒకటే: పగటినిద్ర. ఇంటికొకరు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. నైట్ షిఫ్ట్ వారం వస్తే ఇంట్లో కాలింగ్ బెల్లు వైరు పీకేస్తారు, పిల్లల్ని పక్కింటికి తోలేస్తారు, కుక్కర్ విజిల్ వేస్తే నేరం చేసినట్టు చూస్తారు. అయినా నిద్ర రాదు. మా అక్క క్లాసు చివర పిల్లల్ని కాసేపు చాపల మీద వెల్లకిలా పడుకోబెట్టేది, అలుపు తీరడానికి. నాకు అది చాలు. ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ కొట్టాను: 'నైట్ డ్యూటీ కే బాద్ దిన్ మే నీంద్ నహీ ఆతీ క్యా కరే.' అంటే నైట్ డ్యూటీ చేసొస్తే పగలు నిద్ర రావడం లేదు, ఏం చెయ్యాలి అని. దాని కింద మా హాలు అడ్రసు, టైము, ఇంకో ముక్క: 'చల్లని హాలు, మెత్తని చాపలు, మెల్లని తాళం. పది నిమిషాల్లో ఒళ్ళు తెలీదు.'

వారం తిరిగేసరికి ఆ మాటలతో వెతికితే మొట్టమొదట మేమే. ఉంటాం మరి, ప్రపంచంలో ఇంకెవరూ ఆ పని చెయ్యలేదు. పేజీ చూసినవాళ్ళ లెక్క రోజురోజుకీ పెరిగింది.

"చూశావా, ఎంతమంది వత్తన్నారో!" అన్నాను అక్కతో, ఆమె యాసలోనే.

"ఎంతమందని కాదురా, ఎవులొత్తన్నారో చూడు."

ఝాగారు చెప్పిన ఆదివారం పొద్దున్న చూశాను.

మొదట వచ్చినాయన మీసాలాయన. ఒక చేతిలో హెల్మెట్, ఇంకో చేతిలో తలగడ.

"నీంద్ వాలా క్లాస్ యహీ హై?"

అక్క నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఈలోగా శ్రీకాకుళం ఆయనొకడు దుప్పటి దులుపుతూ లోపలికి వచ్చేశాడు. "తల్లీ, రేతిరంతా ప్లాంటులో మిషన్ల లైన్ మీద నిలబడ్డాను. ఏ మూల పడుకోమంటావు?" అతని వెనక గుమ్మం దాటి వరస. అందరూ డ్యూటీ దిగి తిన్నగా వచ్చినవాళ్ళే. పెద్దవాళ్ళు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొమ్మనడానికి అక్కకి నోరు రాలేదు. చాపలు నిండిపోయాయి, ఆపైన నేలా నిండిపోయింది.

పిల్లలు గోడవారన సర్దుకుని అడుగులు మొదలుపెట్టారు.

"అమ్మా, ఆ గజ్జెలు కాస్త మెల్లగా," అంది దుప్పటి.

ఒక పిల్ల అక్క చెంగు లాగి, గుర్రుపెడుతున్న మీసాలాయన్ని చూపించింది. "దీదీ, అంకుల్ ఖర్రాటే లే రహే హై!"

"తాళం తప్పడం లేదు కదే, కానీ," అంది అక్క, పళ్ళ మధ్య నుంచి.

సరిగ్గా అప్పుడే ఝాగారు గుమ్మంలో నిలబడ్డారు. "యే క్లాస్ హై యా స్టేషన్ కా వెయిటింగ్ రూమ్?"

తమ్ముడికి చెలగాటం, అక్కకి ప్రాణసంకటం. నేను ముందుకు దూకి మొత్తం వివరించాను: పొడుగాటి మాటలు, వెతికే మనిషి బాధ, అందరికంటే ముందు మన పేజీ. ఆయన వినడం లేదు. గుర్రుపెడుతున్న మీసాలాయన్నే చూస్తున్నారు, మిఠాయి కొట్టు ముందు షుగరు రోగిలా. ఆ వారం ఆయనకీ నైట్ డ్యూటీయేనని తర్వాత తెలిసింది.

"హాలు నిండింది," అన్నారు చివరికి. "ఇన్నేళ్ళుగా కాలనీకి కావలసింది ఇదే. బ్యాడ్మింటన్ క్యాన్సిల్. రేపట్నుంచి పొద్దుటిపూట హాలు నైట్ డ్యూటీ వాళ్ళకే."

అక్క ముఖం పాలిపోయింది. "మరి నా క్లాసో?"

"మేడమ్," అన్నారాయన చాలా మర్యాదగా, "ఘుంఘ్రూ బజేగా తో యే లోగ్ సోయేంగే కైసే? గజ్జెలు మోగితే వీళ్ళు పడుకునేదెలా?"

అలా హాలు నిండిపోయి అక్క చేతినుంచి జారిపోయింది. క్లాసు మా ఇంటి ముందుగదిలోకి వచ్చింది. ఆ గదిలోనే నా మంచం, నా లైబ్రరీ పుస్తకాలు. అక్క పిల్లల్ని సరిగ్గా నా మంచం చుట్టూ నిలబెట్టి, అడుగు గట్టిగా వెయ్యమని మరీ చెప్పేది. మూడోనాటికి తల పగిలిపోయి, పుస్తకం చంకన పెట్టుకుని హాలుకు పరిగెత్తాను. కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు.

"నైట్ డ్యూటీనా?"

"కాదు. కానీ ఈ ఏర్పాటుకు మూలపురుషుణ్ణి నేనే!"

"ధీరే బోలో," అన్నాడు కోపంగా. "ఇంతమంది పడుకున్నారు, కనబడటం లేదా? ఉద్యోగం ఉంటేనే నిద్ర. పో."

ఆ కర్ర సాక్షిగా, లోపల్నుంచి వినిపిస్తున్న గురకల సాక్షిగా అప్పుడే శపథం చేశాను: బొందిలో ప్రాణం ఉండగా పరాయివాళ్ళ బాధ తీరుస్తానని సొంత అక్క అడ్రసు ఇవ్వను.