మొగిలి పెద్దబాపు ఉత్తుత్తి హైస్కూలు

మా మొగిలి పెద్దబాపు జీవితంలో ఏ పనినీ మొదటిసారి చేయలేదు. ఏదైనా సరే, ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకుని, ఆ తర్వాతే అసలు పనికి దిగుతాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ట్రయల్. ఊరు ఆయనకు పెట్టిన పేరు ట్రయల్ మొగిలి.

పెళ్లిచూపులకు కూడా ట్రయల్ వేశాడట. ఆ ముచ్చట పెద్దమ్మ లక్ష్మీనర్సమ్మ చెబితేనే వినాలి.

"మా ఘనపూర్‌ల బస్సు దిగిండు. మా ఇంటికి రావాలె గదా? రాలే. మా ఇంటికి రెండిండ్ల ముంగట ఇంకో పిల్ల ఉన్న ఇల్లు చూస్కొని అండ్లకు పోయిండు. చాయ తాగిండు, మిచ్చర్ తిన్నడు, పిల్లను పాట పాడుమన్నడు. ఆళ్లకు పిలగాడు నచ్చిండు. పిల్ల తండ్రి పంచాంగం తీసిండు. అప్పుడు ఈయన లేసి, 'మీరు మస్తు చేసిన్రు. ఆ ఇంట్ల గూడ గిట్లనే చేస్తరంటరా?' అన్నడు."

"మరి ఏమన్నరు?" అని అడుగుతారు విన్నవాళ్లు.

"ఏమంటరు? బస్టాండు దాక ఉరికిచ్చిన్రు. మా ఇంటికొచ్చేటాల్లకు చెప్పులు లేవు, చెమటలు. మా నాయిన చూసి, పాపం పిలగాడు సిగ్గరి అనుకున్నడు."

పన్ను పీకించుకునే ముందు ఇంట్లోనే కుర్చీలో కూర్చుని నోరు తెరిచి, పెద్దమ్మ చేతికి పట్టకారు ఇచ్చాడు. "ఊకెనే పట్టుకో. గుంజకు. నాకు భయం పోవాలె, గంతే," అన్నాడు. పెద్దమ్మ ఊరికే పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆమెకు తుమ్ము వచ్చింది. మర్నాడు పొద్దున దవాఖానలో డాక్టర్ నోరంతా వెతికి, "పీకేతందుకు ఏమున్నది?" అన్నాడట.

చావుకు కూడా ట్రయల్ వేశాడు. ఎవరెవరు ఏడుస్తారో చూద్దామని చాప మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాడు, పడుకుని నిజంగానే నిద్రపోయాడు. ఎవరు ఫోన్ చేశారో ఏమో, జఫర్‌గఢ్ నుంచి ఆయన చెల్లె గుండెలు బాదుకుంటూ ఆటో దిగింది. ఆ ఏడుపుకు ఈయన లేచి కూర్చుని, "మంచిగున్నది గని, జర రాగం తక్కువైంది," అన్నాడు. ఆమె ఆ తర్వాత ఏడాది పాటు మాట్లాడలేదు.

పెద్దబాపు అంటే నాకు సొంత పెద్దబాపు కాదు, మా నాయినకు అన్న వరుస. నెల్లికుదురు పోయే దారిలో మా ఊళ్లో టెంట్ హౌస్ నడుపుతాడు. షామియానాలు, కుర్చీలు, వంట గంజులు, మైకు సెట్టు, పెళ్లికొడుకు షేర్వాణీ అన్నీ కిరాయికి ఇస్తాడు. నేను బడి మధ్యలో మానేశాక కుట్టు మిషన్ నేర్చుకుని అక్కడే పనికి కుదిరాను. చినిగిన షామియానాలకు మాసికలు వేస్తాను. మనుషుల్లో నాకు మాట పెగలదు. మూలన కూర్చుని మిషన్ తొక్కుతుంటే అక్కడ ఒక మనిషి ఉందన్న సంగతే అందరూ మరిచిపోతారు. అందుకని నాకు చాలా కనిపిస్తుంటాయి.

మా ఊరి బడి ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిదికి బస్సెక్కి మండల కేంద్రం నెల్లికుదురులోని హైస్కూలుకు పోవాలి. ఎండాకాలం చివర పెళ్లిళ్లు అయిపోయి కుర్చీలన్నీ ఖాళీగా పడి ఉంటాయి కదా, అప్పుడు పెద్దబాపు ఊళ్లో ఎనిమిది పాసైన పిల్లలందరినీ పోగుచేస్తాడు. షామియానా వేస్తాడు. హైస్కూలుకు ట్రయల్ మొదలు.

మొదట బస్సు ట్రయల్. కుర్చీలు రెండు వరుసలు వేసి, ముందు కుర్చీలో ఆయన అన్నం పళ్లెం పట్టుకుని డ్రైవర్ అవుతాడు. పెద్దమ్మ కండక్టర్.

"ఆడివిల్లలు ఆధార్ తియ్యున్రి! మొగవిల్లలు పాసులు చూపెట్టున్రి! ఏయ్ రోహిత్, ఫుట్‌బోర్డు మీద నిలవడకు!"

"ఫుట్‌బోర్డు ఏడున్నది పెద్దమ్మా? నేను నేల మీద నిలవడ్డ."

"గదే ఫుట్‌బోర్డు. ఎక్కు పైకి!"

"పెద్దబాపూ, బస్సు కదుల్తలేదు," అంటాడు శ్యాం.

"గుంతలల్ల పోతున్నంరా, ఊగున్రి!" అని పెద్దబాపు పళ్లెం తిప్పుతాడు. పిల్లలంతా కుర్చీల్లో ఊగుతారు. ఈసారి గొర్లు తోలుకుపోతున్న దస్రు ముసలాయన కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. కాళ్లు నొప్పులేమోననుకున్నాను. ట్రయల్ అయిపోయి, "నెల్లికుదురొచ్చింది, దిగున్రి," అని పెద్దమ్మ అరవగానే ఆయన కళ్లు తెరిచి చుట్టూ చూశాడు. "నేను గిక్కడ్నే ఎక్కిన గదనే?" అన్నాడు.

తర్వాత క్లాసులు ఎంచుకునే ట్రయల్. ఆ హైస్కూల్లో తొమ్మిదిలో చేరేవాళ్లు లెక్కలు, సైన్సు వంటి వాటితో పాటు పని నేర్పే క్లాసు ఒకటి ఎంచుకోవాలి. కంప్యూటర్, వ్యవసాయం, బ్యూటీ, దుకాణం, ఈ నాలుగింట్లో ఒకటి. చేరిన రోజే సారుకు పేరు చెప్పి, ఏ క్లాసు కావాలో చెప్పాలి. పేర్లు వింటే పిల్లలకు ఏం తెలుస్తుంది? అందుకని టెంట్ హౌస్‌లో లేని కంప్యూటర్ ఒక్కటి వదిలేసి, మిగతా మూడూ చేయించి చూస్తాడు.

వ్యవసాయం కోసం పెద్దమ్మ పెట్టుకున్న కొత్తిమీర మడి తవ్వించాడు. అదే రోజు పెద్దమ్మ ఆ క్లాసు మూసేయించింది. బ్యూటీ కోసం తన మొహమే ఇచ్చాడు. శృతి అనే పిల్ల ఒక పక్క కనుబొమ్మ సరిచేద్దామని మొదలుపెట్టి, సరికాక ఇంకొంచెం, ఇంకా సరికాక ఇంకొంచెం తీసి, చివరికి ఏమీ మిగల్చలేదు.

"పిల్లకు షోకున్నది," అన్నాడు పెద్దబాపు అద్దం చూసుకుని. "రెండోది ఉంచు బిడ్డా, రేపటికి."

దుకాణం క్లాసుకు వంకరపోయిన పాత గంటె ఒకటి ఇచ్చి, దాన్ని పెద్దమ్మకు అమ్మమన్నాడు. ఆ గంటె పెద్దమ్మదే. రోహిత్ గంటెను తెగ పొగిడాడు. శ్యాం ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నాడు. పెద్దమ్మ దేనికీ లొంగలేదు. ఆఖరున వర్ష వంతు వచ్చింది. వర్ష గంటె పట్టుకుని పెద్దమ్మ ముందు నిలబడింది. ఏమీ అనలేదు. అలాగే చూస్తూ నిలబడింది. పెద్దమ్మ అటు తిరిగింది, ఇటు తిరిగింది, కొంగుతో మొహం తుడుచుకుంది.

"తియ్యి బిడ్డా, తీస్కుంట. గట్ల చూడకు, నాకు భయమైతాంది," అని కొనేసింది.

పిల్లలు పడీ పడీ నవ్వారు. పెద్దబాపు నవ్వలేదు.

వర్ష సంగతి అందరికీ తెలిసిందే. ఇంట్లో మాట్లాడుతుంది, కొత్త మనిషి కనబడితే నోరు కుట్టేసినట్టు అయిపోతుంది. పిల్లలు ఆమెను 'మ్యూట్' అంటారు. ఊరి బడిలో చిన్నప్పటి నుంచీ చూసిన పంతులమ్మ కాబట్టి సాగింది. హైస్కూల్లో సారు లేపి పేరు అడుగుతాడు, ఏ క్లాసు అని అడుగుతాడు. అందుకే తాను రానంటే రానని ఇంట్లో చెప్పేసింది.

ఆమె నాయిన దేవేందర్ టెంట్ హౌస్‌కు వచ్చి ఆ మాటే అన్నాడు. "మొగిలన్నా, నువ్వెన్ని ఆటలాడిచ్చినా నా బిడ్డ నోరు తెర్వది. అందరి ముంగట నిలవడి ఏడ్సుడెందుకు చెప్పు? మా ఎంబడి పత్తి గింజలు పెట్టనీకి వస్తది, ఇంట్ల ఉంటది. పిల్ల పరేషాన్ గాకుంటే సాలు."

"ఒక్కదినం హైస్కూలుకు పంపురా తమ్మీ."

"ఒక్కదినమే. ఏడ్సుకుంట వస్తే మల్ల పంప. నువ్వు గూడ మల్ల అడగొద్దు."

"అడగ. ఇగో, అడగకుంట ఉండుడు గూడ ఇప్పుడే ట్రయల్ ఏస్త," అని పెద్దబాపు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. దేవేందర్ తల కొట్టుకుంటూ పోయాడు.

ఇక మిగిలింది సారు ట్రయల్. పెద్దబాపు పెళ్లికొడుకు షేర్వాణీ తొడుక్కుని, ఒక్క కనుబొమ్మతో, మైకు పట్టుకుని సారయ్యాడు. పెద్దమ్మ గంజు మీద గంటెతో కొడితే అదే బెల్లు. ఒక్కొక్కరే లేచి మైకులో పేరు, కావాల్సిన క్లాసు చెప్పాలి. రోహిత్ చెప్పాడు. శృతి చెప్పింది. వర్ష లేచింది. మైకు చచ్చిపోయింది.

"థూ, దీని పాడుగాను! హలో! హలో!" అని పెద్దబాపు మైకును కొట్టాడు, ఊదాడు, వైరు తట్టుకుని కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. వర్ష కూడా నవ్వింది. "మైకు పోయింది. టైము లేదు. అందరు ఒక్కపారే గట్టిగ చెప్పేయున్రి!" అన్నాడు కిందనుంచే. అందరూ ఒకేసారి అరిచారు. ఆ గోలలో ఎవరు అరిచారో, ఎవరు అరవలేదో ఎవరికి తెలుస్తుంది?

మర్నాడు మళ్లీ వర్ష వంతుకే మైకు పోయింది. పెద్దబాపు మళ్లీ పడ్డాడు. ఈసారి ఆడపిల్లలు మాత్రం ఒకేసారి అరవాలన్నాడు. ఆ మర్నాడు కూడా అంతే. మైకు పాడైందని నేనూ అనుకున్నాను, పట్నం నుంచి కొత్తది తెప్పించుకోకూడదా అనుకున్నాను.

ఒకరోజు మిషన్ దగ్గర దారపు ఉండ కింద పడితే తీసుకుందామని వంగాను. కుర్చీల కింద నుంచి పెద్దబాపు పాదాలు కనిపించాయి. స్విచ్ బోర్డు నేల మీద ఉంది. శ్యాం పేరు అయిపోయింది. వర్ష లేచి నిలబడింది. పెద్దబాపు బొటనవేలు మెల్లగా జరిగి స్విచ్ నొక్కింది.

"థూ, దీని పాడుగాను!" అని పైనుంచి వినబడింది.

నేను ఉండ తీసుకుని మళ్లీ మిషన్ తొక్కాను. ఆ పూట కుట్టిన కుట్టంతా వంకరపోయింది.

అప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. మొదట అందరి గోల, తర్వాత ఆడపిల్లల గోల, ఇప్పుడు వర్ష, శృతి ఇద్దరే. ఆఖరి రోజు వర్ష ఒక్కతే లేచింది. కానీ ఆమె నోరు తెరవబోయే సమయానికి పెద్దమ్మ బెల్లు అని గంజు బాదడం మొదలుపెట్టింది. ఆపదే! పెద్దబాపు చెవి దగ్గర చేయి పెట్టుకుని, "ఏంది బిడ్డా? వినవడ్తలేదు! ఈ ముసల్ది ఆపదు గని, నువ్వే జర గట్టిగ!" అని అరిచాడు. వర్ష ఏదో అరిచింది. గంజు మోతలో ఒక్క ముక్క వినబడలేదు. ఆమె మెడ నరాలు మాత్రం ఉబ్బాయి.

బడులు తెరిచిన రోజు పిల్లలు బస్సెక్కారు. పెద్దబాపు ఆ రోజంతా ఒక్క పనీ చేయలేదు. పొద్దున్నుంచీ కుర్చీలు పేర్చి, మళ్లీ విప్పి, మళ్లీ పేర్చాడు. సాయంత్రం బస్సు వచ్చేసరికి దేవేందర్ రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. నేను సంచులు తేవాలన్న మిషతో బయటికి వచ్చాను.

వర్ష దిగింది. మొహం ఎర్రగా ఉంది. దేవేందర్ ముందుకు పోయాడు.

"ఏడ్సినవా బిడ్డా?"

వర్ష తల అడ్డంగా ఊపింది.

"సారు లేపిండా?"

"లేపిండు. పేరడిగిండు," అంది వర్ష. "సారు కింద పడ్తడేమో అని చూసిన నాయినా. జరసేపు ఆగిన. పడలే. ఇగ నేనే చెప్పిన."

"ఏమని?"

"వర్ష! దుకాణం క్లాసు!"

ఆ అరుపుకు బస్సు కండక్టర్ బయటికి తొంగిచూశాడు. దస్రు గొర్లు రెండు రోడ్డు దిగి పత్తి చేలోకి ఉరికాయి. రోహిత్ చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ చెప్పాడు. "గిట్లనే అరిసింది మామా. పక్క క్లాసోళ్లు లేసి వచ్చిన్రు. సారు చాక్‌పీస్ కింద వడ్డది. మా సారు అన్నడు, ఈ పిల్ల దుకాణం పెడితే మైకు అక్కర్లేదన్నడు."

దేవేందర్ కూతురి సంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. "ఇంటికాడ జర మెల్లగ మాట్లాడు బిడ్డా, మీ అమ్మ భయపడ్తది," అన్నాడు.

పెద్దబాపు టెంట్ హౌస్ గుమ్మంలో నిలబడి, "ఏందే, గట్ల ఒర్రుతరా? మెల్లగ చెప్పుడు ట్రయల్ ఎయ్యాలె నీకు!" అన్నాడు కోపంగా. ఒక్క కనుబొమ్మతో కోపం చూపడం చాలా కష్టమని అప్పుడే తెలిసింది.

"నాకొద్దు పెద్దబాపూ," అని అరిచింది వర్ష. "నా పక్క పొంటి కూసున్న పిల్ల ఉన్నది. అది నోరే తెరుస్తలేదు."

ఆదివారం పొద్దున వర్ష వెంట కొత్త పిల్ల ఒకతె వచ్చింది. షామియానా గుంజ వెనక సగం దాక్కుని చెప్పుల వైపు చూస్తూ నిలబడింది. పెద్దబాపు ఆ పిల్లను చూడనే లేదు. పేరు కూడా అడగలేదు. లోపలికి తిరిగి పెద్దమ్మను కేకేశాడు.

"ఓ లక్ష్మీనర్సూ! రేపు నాకు మండలాఫీసుల పని వడ్డది. ఆఫీసరు నా పేరడుగుతడు. నాకు మస్తు భయమైతాంది. పిల్లలందర్నీ పిలువు, ఓపారి ట్రయల్ ఎయ్యాలె!"

పెద్దబాపుకు మండలాఫీసులో ఏ పనీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు, పెద్దమ్మకూ తెలుసు. పెద్దమ్మ ఆ పిల్లను ఒకసారి చూసింది. "నీకెప్పుడు ఏదో ఒక భయమే," అని గొణుక్కుంటూ కుర్చీలు దించడానికి పోయింది.